లెనిన్‌గ్రాడ్ చలిలో నడిచిన బండి, బనిహాల్ చలిలో పేలిన జాడీ

(భివండీలో ఆదివారం సాయంత్రం కార్మిక అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఆదివారం పని గంటల మీద మాట్లాడాలని ముందుగా అనుకున్నాం. దాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేశాం. కారణం మీకందరికీ తెలుసు. ఈ బల్ల మీద పాత గుడ్డ పరచి పెట్టిన జాడీ ముక్కల గురించి పది రోజులుగా బస్తీలో పదిరకాల మాటలు నడుస్తున్నాయి. "నీళ్లతో బండి నడుస్తది, వీళ్లకు చాతగాక పేల్చుకున్నరు" అని కొందరు. "అంతా మాయ, హైడ్రోజన్‌తో బండి నడిచిందే లేదు లోకంలో" అని మరికొందరు. మేము కూర్చొని చదివి, లెక్క వేసి చూశాం. రెండు మాటలూ తప్పే. హైడ్రోజన్‌తో బండి నడిచింది, అదీ ఇక్కడి ఎండలో కాదు, మైనస్ 30 డిగ్రీల చలిలో నడిచింది. ఈ జాడీతో మాత్రం ఏ చలిలోనూ, ఏ ఎండలోనూ నడవదు. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో చెప్పడమే ఇవాళ మా పని.

ముందు జరిగింది చెప్పుకుందాం. పేర్లు వద్దు. ఆ కుటుంబం ఈ సభలోనే ఉంది.

మనలో ఒక పెద్దాయన ముప్పై ఏళ్లు ముంబై మిల్లులో రింగ్‌ఫ్రేము ఖాతాలో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక, ఏళ్లు గడిచాక బకాయిలు చేతికొచ్చాయి. ఆ డబ్బుకు అప్పు జోడించి కొడుక్కు పాత లారీ కొనిచ్చాడు. కొడుకు ఇక్కడి గోదాముల నుంచి బట్టల గఠ్ఠాలు, దుప్పట్లు ఎక్కించుకొని జమ్మూ, శ్రీనగర్ దాకా పోతాడు. దసరా ముందు ఒకతను మన టీ బండి దగ్గరికి వచ్చి పెట్టె తెరిచాడు. లోపల స్టీలు రేకులు, ఒక ప్లాస్టిక్ జాడీ, రెండు పైపులు, నాలుగు తీగలు. "నీళ్లు పోయండి, ఇంజను తానే గ్యాసు తయారు చేసుకుంటుంది, డీజిలు సగానికి తగ్గుతుంది, చలి ప్రదేశంలో ఇంకా బాగా పనిచేస్తుంది" అన్నాడు. ఖరీదు 22 వేలు. డీజిలు ధరకు నడుము విరిగిన పిల్లవాడు ఆశపడ్డాడు. అందులో అతని తప్పేమీ లేదు. మనలో ఎవరం ఆశపడమో చెప్పండి?

మొదటి రెండు ట్రిప్పులు బాగానే నడిచాయి. మైలేజీ కొంచెం పెరిగిందని కూడా అన్నాడు. దాని సంగతి తర్వాత చెబుతాం. మూడో ట్రిప్పులో రాత్రి బనిహాల్ దగ్గర ధాబా ముందు బండి ఆపుకొని పడుకున్నారు. తెల్లవారేసరికి జాడీలో నీళ్లు రాయిలా గడ్డకట్టాయి. డ్రైవరు తాళం తిప్పి ఇంజను వేడెక్కడానికి వదిలి మొహం కడుక్కోవడానికి పోయాడు. క్లీనరు పిల్లవాడు జాడీలో మంచు చూశాడు. ఆ ప్రాంతంలో లారీవాళ్లు చిక్కబడిన ఆయిలును కరిగించడానికి చాంబరు కింద గుడ్డ మంట పెట్టడం అలవాటు. అదే మాదిరి ఒక గుడ్డ డీజిలులో ముంచి, వెలిగించి, పైపు దగ్గర పెట్టాడు.

బాంబు పేలినట్టయింది అన్నాడు డ్రైవరు. జాడీ ముక్కలైంది. పక్కనున్న పెట్టెలోని కాస్టిక్ నీళ్లు పిల్లవాడి మెడ మీద, కుడి కంట్లో పడ్డాయి. బండిలో ఉన్న సీసాల నీళ్లన్నీ గడ్డకట్టి ఉన్నాయి. ధాబావాళ్లు గోరువెచ్చని నీళ్లు తెచ్చేదాకా కొన్ని నిమిషాలు పోయాయి. ఆ కొన్ని నిమిషాలే ఆ కంటిని దెబ్బతీశాయని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ అబ్బాయికి పందొమ్మిదేళ్లు. కుడి కంటికి ఇప్పటికీ మసకే.

ఇక లెక్కలోకి పోదాం. లెక్క అనగానే వెనక బెంచీల వాళ్లు లేవొద్దు. పిక్కుల లెక్క, మీటర్ల లెక్క సేటు కంటే వేగంగా చేసేవాళ్లు మీరు. ఇది అంతకంటే సులువు.

నీటిలో రెండు వస్తువులున్నాయి, హైడ్రోజన్, ఆక్సిజన్. వాటిని విడదీయడానికి కరెంటు పంపాలి. విడిపోయిన హైడ్రోజన్ మండినప్పుడు మళ్లీ నీరే అవుతుంది. విడదీయడానికి పెట్టిన శక్తి కంటే కలిసినప్పుడు వచ్చే శక్తి ఎన్నడూ ఎక్కువ కాదు. ఒక కిలో హైడ్రోజన్‌లో ఇంజనుకు పనికొచ్చే శక్తి సుమారు 33 యూనిట్లు. పెద్ద పెద్ద కర్మాగారాల్లో మంచి యంత్రాలతో ఆ కిలో తయారు చేయడానికే 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. మన టీ బండి దగ్గరి పెట్టె ఆ కర్మాగారాల కంటే గొప్పదా?

ఇప్పుడు లారీ లెక్క. 24 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు ఈ పెట్టెలోకి పోతాయనుకుందాం. పన్నెండు అరలున్న పెట్టె గంటకు ఇచ్చే హైడ్రోజన్ 9 గ్రాములు. ఒక లీటరు నీటిలో ఉన్న హైడ్రోజన్ మొత్తం 111 గ్రాములు. అంటే ఒక లీటరు నీళ్లు పూర్తిగా గ్యాసు కావడానికి 12 గంటలు పడుతుంది. ఆ 12 గంటల్లో మింగే కరెంటు సుమారు 6 యూనిట్లు. ఆ కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది? ఆల్టర్నేటరు నుంచి. ఆల్టర్నేటరును తిప్పింది ఎవరు? ఇంజను. ఇంజను తాగింది ఏమిటి? డీజిలే. ఇంజనులో మూడింట ఒక వంతు చిల్లర మాత్రమే షాఫ్టుకు చేరుతుంది, మిగతాది వేడిగా, పొగగా పోతుంది. ఆల్టర్నేటరులో మరో నలభై పాళ్లు పోతుంది. వెనక్కి లెక్క కడితే ఆ 6 యూనిట్ల కోసం దాదాపు 2 లీటర్ల 800 మిల్లీలీటర్ల డీజిలు కాలింది.

వచ్చిన గ్యాసులో ఉన్నదెంత? 370 మిల్లీలీటర్ల డీజిలుకు సమానం. లీటరుకు నాలుగు కిలోమీటర్లు పోయే లారీ దాంతో ఒకటిన్నర కిలోమీటరు పోతుంది. పన్నెండు గంటల ప్రయాణంలో ఒకటిన్నర కిలోమీటరు! అమ్మినవాడు చెప్పింది మాత్రం లీటరు నీళ్లకు వంద కిలోమీటర్లు.

పాత మిల్లుల్లో ఒకే షాఫ్టు మీద పట్టాలు వేసి యంత్రాలు తిప్పిన రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి. యంత్రం తిరుగుతున్నది కదా అని దాని నుంచి ఇంకో పట్టా తెచ్చి అదే షాఫ్టుకు తగిలిస్తే షాఫ్టు తనంతట తాను తిరుగుతుందా? జాబరు చూస్తే చెవి మెలిపెడతాడు. ఈ పెట్టె చేసేది అచ్చంగా అదే పని.

"గ్యాసు వల్ల డీజిలు పూర్తిగా కాలుతుంది, అందుకే లాభం" అని ఇంకో మాట చెబుతారు. సరిగా ఉన్న డీజిలు ఇంజనులో నూటికి 98 పాళ్లకు పైగా డీజిలు ఎలాగూ కాలుతుంది. మిగిలిన ఆ రెండు పాళ్లలోంచి సగం డీజిలు ఎలా మిగులుస్తాడు? మరి మైలేజీ పెరిగింది కదా అంటారా. 22 వేలు పెట్టినవాడు మైలేజీ చూసుకోవాలని నెమ్మదిగా తోలుతాడు, టైర్లలో గాలి చూసుకుంటాడు, ఎయిర్ ఫిల్టరు దులుపుతాడు. ఆ పిల్లవాణ్ని అడిగితే నవ్వి, నిజమే, ఆ రెండు ట్రిప్పులూ యాభైకి మించి తోలలేదు అన్నాడు. అది పెట్టె గొప్ప కాదు, అతని కాలి గొప్ప.

ఈ మోసం కొత్తదీ కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో స్టాన్లీ మేయర్ అనే ఆయన నీళ్లతో నడిచే బండి చేశానన్నాడు. పెట్టుబడి పెట్టిన ఇద్దరు కోర్టుకు పోతే 1996లో అది ఘోరమైన మోసమని కోర్టు తేల్చి, వాళ్ల 25 వేల డాలర్లు తిరిగి ఇమ్మంది. ఆ ఏడాదే తమిళనాడులో రాజపాళయం ప్రాంతం నుంచి రామర్ పిళ్లై మూలికలతో నీటిని పెట్రోలు చేస్తానని దేశమంతా మోగించాడు. రాజపాళయం మిల్లుల్లో పనిచేసే మన తెలుగు సోదరులకు ఆ కథ బాగా తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత, 2016లో, చెన్నై కోర్టు అతనికి మూడేళ్ల జైలు శిక్ష వేసింది. అంతవరకు ఎందరి చేతి డబ్బు పోయిందో.

అయితే మిత్రులారా, ఇక్కడితో ఆగి ఇంటికి పోతే సగమే తెలిసినట్టు. హైడ్రోజన్‌తో నడిచిన బండి కథ మిగిలి ఉంది.

1941 సెప్టెంబరు 8న హిట్లర్ సేనలు లెనిన్‌గ్రాడ్ నగరాన్ని చుట్టుముట్టాయి. 1944 జనవరి 27 దాకా, 872 రోజులు ఆ ముట్టడి సాగింది. మొదటి చలికాలంలో ఫ్యాక్టరీ కార్మికుడికి రోజుకు 250 గ్రాముల రొట్టె, మిగతావాళ్లకు, పిల్లలకు 125 గ్రాములు. ఆ రొట్టెలో కూడా పిండి కాని సరుకు చాలా కలిసేది. చలి మైనస్ 30 దాకా దిగింది. పెట్రోలు లేదు.

నగరం మీద విమానాలు కిందికి దిగి బాంబులు వేయకుండా రాత్రిళ్లు ఆకాశంలోకి పెద్ద పెద్ద బెలూన్లను ఉక్కు తాళ్లతో ఎగరేసేవారు. ఆ బెలూన్లలో ఉండేది హైడ్రోజన్. నెవ్‌స్కీ వీధిలో ఏనుగుల్లాంటి గ్యాసు సంచులను సైనిక దుస్తుల్లో ఆడవాళ్లు తాళ్లు పట్టి నడిపించుకుపోయే ఫోటో ఒకటి ప్రపంచమంతా చూసింది. ఆ బెలూను బట్ట ఏమిటో తెలుసా? రబ్బరు పూసిన నూలు బట్ట, పర్కాల్. ఎక్కడో మనలాంటి వాళ్లు మగ్గం మీద దట్టంగా నేసినదే. ఎంత దట్టంగా పిక్కు వేసినా, రబ్బరు పూసినా హైడ్రోజన్ ఊరికే ఉండదు. లోకంలో అన్నిటికంటే తేలికైన వాయువు అది, మెల్లగా జారుకుంటుంది. దాని చోటులోకి గాలి చేరుతుంది. గాలి కలిసిన బెలూను పైకి లేవదు. అప్పుడు దాన్ని కిందికి దించి, ఆ మురికి హైడ్రోజన్‌ను గాలిలోకి వదిలేసి, కొత్తది నింపాలి.

బెలూను దించాలంటే గిరక కావాలి. గిరకను తిప్పేది గాజ్-ఏఏ అనే ఒకటిన్నర టన్నుల లారీ ఇంజను. ఇంజనుకు పెట్రోలు లేదు. అంటే బెలూన్లు దిగవు, లేవవు, ఆకాశానికి కాపలా లేదు. ఆ దళంలో బండ్ల మరమ్మతు చూసే బోరిస్ షెలిష్చ్ అనే సాంకేతిక లెఫ్టినెంటు ఉన్నాడు. గాలిలోకి ఊరికే వదిలేస్తున్న ఆ మురికి హైడ్రోజన్ ఆయన కంటపడింది. చిన్నప్పుడు చదివిన జూల్ వెర్న్ నవల 'మిస్టీరియస్ ఐలండ్'లో నీరే రేపటి బొగ్గు అన్న మాట ఆయనకు గుర్తొచ్చిందని చెబుతారు. దించిన బెలూను నుంచి రబ్బరు పైపు తెచ్చి ఇంజను గాలి పీల్చే చోట తగిలించాడు. ఇంజను నడిచింది.

ఆ తర్వాత ఇంజను ఎదురు తన్నింది. సిలిండరులో మండవలసిన మంట పైపులోకి వెనక్కి పరుగెత్తింది, బెలూనును చేరింది. పేలుడు. షెలిష్చ్‌కు దెబ్బలు తగిలాయి.

ఇక్కడ మేము కొంచెం ఆగుతాం. ఎందుకంటే మన బల్ల మీది జాడీ కథ ఇక్కడే మొదలవుతుంది. ఆయన కోలుకొని చేసిన పని ఏమిటంటే, ఒక పాత అగ్నిమాపక సిలిండరు తెచ్చి అందులో నీళ్లు పోశాడు. బెలూను నుంచి వచ్చే గ్యాసు పైపు నీళ్ల అడుగుకు పోతుంది. గ్యాసు బుడగలుగా పైకి వచ్చి రెండో పైపు గుండా ఇంజనుకు పోతుంది. మంట వెనక్కి వస్తే నీటి పై భాగం దాకానే రాగలదు, నీటిని దాటలేదు. దీన్నే నీటి తాళం అనవచ్చు. ఇప్పుడు కిట్లు అమ్మేవాళ్లు బబ్లరు అంటున్నది దీన్నే. ఆ తాళం పెట్టాక ఇంజన్లు నిలకడగా నడిచాయి. వందల కొద్దీ బెలూను గిరకల ఇంజన్లను అలా మార్చారు. షెలిష్చ్‌కు ఎర్ర తార పతకం ఇచ్చారు.

చలి విషయంలో హైడ్రోజన్‌కు ఒక సహజమైన లాభం కూడా ఉంది. పెట్రోలు మండాలంటే ముందు ఆవిరి కావాలి. మైనస్ 30లో అది ఆవిరి కానని మొండికేస్తుంది, అందుకే చలిలో ఇంజను పట్టుకోదు. హైడ్రోజన్ ఎప్పుడూ వాయువే. మైనస్ 253 డిగ్రీల దాకా చల్లబరిస్తే గాని ద్రవం కాదు. కాబట్టి "చలిలో బాగా పనిచేస్తుంది" అని టీ బండి దగ్గర అన్న మాటలో ఒక నిజం దాక్కొని ఉంది. పెద్ద అబద్ధాలకు ఎప్పుడూ ఒక చిన్న నిజం ఊతకర్రగా ఉంటుంది.

మరి లెనిన్‌గ్రాడ్‌లో నడిచింది, బనిహాల్‌లో ఎందుకు పేలింది? మొదటి తేడా, అక్కడి హైడ్రోజన్‌ను ఆ ఇంజను తయారు చేయలేదు. బెలూన్ల కోసం ముందే తయారైంది, దాని ఖర్చు ముందే అయిపోయింది. పారబోసే సరుకును ఆయన వాడుకున్నాడు. మన బ్లోరూంలో రాలిన దూదిని ఏరి మళ్లీ నూలు తీసినట్టు. అది పొదుపు. ఈ పెట్టె చేసేది మంచి దూదిని చించి రాలుదూది చేసి, దాని నుంచి నూలు తీసి లాభమొచ్చిందనడం.

రెండో తేడా గ్యాసు రకం. బెలూనులో హైడ్రోజన్ ఎక్కువ, గాలి కొంచెం. ఈ పెట్టెలో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒకే పైపులోకి వస్తాయి, రెండు పాళ్లకు ఒక పాలు చొప్పున. మండడానికి దానికి బయటి గాలి కూడా అక్కర్లేదు. అగ్గిపెట్టె, పుల్ల రెండూ ఒకే సంచిలో రుద్దుకుంటూ పోతున్నట్టు. పెట్రోలు ఆవిరిని వెలిగించడానికి కావలసిన నిప్పురవ్వలో పదో వంతు రవ్వ హైడ్రోజన్‌కు చాలు. నైలాను గుడ్డ తీసేటప్పుడు వచ్చే చిటపట కూడా సరిపోతుంది. మంట పగటి వెలుగులో కంటికి కనబడదు.

మూడోది చలి. ఆ రాత్రి బండిలో ఏం జరిగిందో వరసగా చూడండి. బండి నడుస్తున్నంతసేపు పెట్టె వేడెక్కుతుంది. గ్యాసుతోపాటు నీటి ఆవిరి కూడా పైపులోకి వస్తుంది. చల్లటి పైపులో ఆ ఆవిరి నీళ్లవుతుంది, పైపు వంగి కిందికి వేలాడిన చోట చేరుతుంది. బండి ఆపగానే అది గడ్డకట్టి బిరడాలా బిగుసుకుంటుంది. జాడీలోది ఉత్త నీళ్లు, అదీ గడ్డకట్టింది. నీరు మంచు అయితే దాదాపు పదకొండో వంతు ఉబ్బుతుంది, కాబట్టి ప్లాస్టిక్ జాడీకి సన్నటి పగుళ్లు వచ్చి ఉంటాయి. కాని పెట్టెలో ఉన్నది ఉత్త నీళ్లు కావు. కరెంటు బాగా పారడానికి కాస్టిక్ పొటాష్ కలిపారు. నూటికి ముప్పై పాళ్లు కలిపితే మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. అంటే తెల్లవారి తాళం తిప్పగానే పెట్టె పనిచేయడం మొదలుపెట్టింది, బయటికి పోయే దారి మాత్రం మంచుతో మూసుకుపోయింది. గ్యాసు పుడుతూ పోయింది, పైపులో ఒత్తిడి పెరుగుతూ పోయింది, పైపు బిగింపుల దగ్గర చిమ్మడం మొదలైంది. అప్పుడు ఆ పిల్లవాడు మంట తెచ్చాడు.

నీటి తాళం గడ్డకట్టిందంటే తాళమే లేనట్టు. మంటను ఆపడానికి పెట్టిన వస్తువే గ్యాసును బంధించే వస్తువైంది. లెనిన్‌గ్రాడ్‌లో ఆ సిలిండరు పక్కన దాన్ని కనిపెట్టుకొని ఉండే మనుషులు ఉన్నారు, అది దళం పని. ఇక్కడ బానెట్ కింద దాచిపెట్టిన జాడీ పక్కన అర్ధరాత్రి ఎవరున్నారు?

"జాడీలో స్పిరిటు పోస్తే గడ్డకట్టదు" అని నిన్న ఒక తమ్ముడు అన్నాడు. గడ్డకట్టకపోవచ్చు. స్పిరిటు ఆవిరి కూడా ఆ గ్యాసుతో కలిసి పోతుంది, మంటకు మరో సరుకు చేరుతుంది. "పెట్టెనే ఇంజనుకు ఆనించి వెచ్చగా పెడదాం" అన్నాడు ఇంకొకతను. ఇంజను రాత్రంతా నడవదు కదా. మన బుర్రలు చురుకైనవే, కాదనం. ఆ చురుకుదనం పనికిరాని పెట్టె మీద ఖర్చు కావద్దని మా బాధ.

కాస్టిక్ గురించి ఒక మాట. మెర్సరైజింగు ఖాతాలో పనిచేసిన వాళ్లు ఇక్కడ ఉన్నారు. సోడా చర్మం మీద పడితే ముందు నొప్పి తెలియదని, జారుడుగా సబ్బులా ఉంటుందని, ఆ జారుడు మన చర్మమే కరగడమని వాళ్లకు తెలుసు. పొటాష్ దానికి తమ్ముడు. కంట్లో పడితే క్షణం ఆలస్యం చేయకుండా రెప్పలు విప్పి పట్టుకొని మంచినీళ్లతో అరగంటకు తక్కువ కాకుండా కడగాలి. కడుగుతూనే ఆస్పత్రికి పోవాలి. నిమ్మరసం, వెనిగరు పోస్తే విరుగుతుందని కొందరంటారు, పొరపాటున కూడా పోయొద్దు. ఉత్తరాదికి పోయే డ్రైవర్లు చలికాలంలో ఒక సీసా నీళ్లు గడ్డకట్టకుండా దుప్పటిలో చుట్టి క్యాబిన్‌లో పెట్టుకోండి. ఈ కిట్టు ఉన్నా లేకున్నా పెట్టుకోండి, బ్యాటరీ ఆసిడ్‌కైనా పనికొస్తుంది.

చలిలో లారీకి కావలసింది వేరే ఉంది. డీజిలులో మైనం ఉంటుంది, చలికి అది పేరుకొని ఫిల్టరును మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్ కోసం మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిలు తెచ్చింది. చలి ప్రాంతంలో చలికి తగిన డీజిలు నింపుకోవడం, చలికి తగిన ఇంజను ఆయిలు, రేడియేటరులో కూలెంటు, మంచి బ్యాటరీ, ఇవీ డబ్బు పెట్టవలసిన చోట్లు. చాంబరు కింద మంట పెట్టే అలవాటు కూడా మానాలి. కిట్టు లేని బండ్లు కూడా ఆ మంటకు కాలిపోవచ్చు.

ఇంతకూ హైడ్రోజన్‌కు రేపు లేదా? ఉంది. లదాఖ్‌లోని లేహ్‌లోనే ఎన్‌టీపీసీ 1.7 మెగావాట్ల సౌర విద్యుత్తుతో రోజుకు 80 కిలోల హైడ్రోజన్ తయారు చేసే కేంద్రాన్ని, దానితో నడిచే ఐదు బస్సులను ఏర్పాటు చేసింది. కేంద్రానికి 2024లో ప్రారంభోత్సవం జరిగింది. పదకొండు వేల అడుగుల పైన, మనం వణికిపోయే చలిలో. తేడా చూడండి, అక్కడ నీటిని విడదీసేది ఎండ ఇచ్చే కరెంటు, బస్సు ఇంజను కాదు. హైడ్రోజన్ ఒక్కటే సిలిండరులోకి పోతుంది, ఆక్సిజన్ దానితో కలవదు. అలాంటి బండ్లలో ఇంధనం కరెంటుగా మారే గదిలో నీళ్లు పుడతాయి. బండి ఆపేటప్పుడు ఆ నీళ్లు లోపల గడ్డకట్టకుండా ఊది బయటికి పంపే ఏర్పాటు యంత్రంలోనే ఉంటుంది. బనిహాల్ జాడీకి లేనిది ఆ చిన్న ఏర్పాటే. అలాంటి వర్క్‌షాపుల్లో రేపు మన పిల్లలకు పని దొరకాలి, ఆ పని నేర్పే ఐటీఐలు మనకు కావాలి. ఆ మాట వేరే రోజు మాట్లాడుకోవాలి.

ఇప్పుడు చేయవలసిన పనులు. బస్తీలో ఇంకా ఏడు బండ్లకు ఈ కిట్టు ఉందని మాకు తెలిసింది, అందులో మూడు ఆటోలు. వాటి యజమానులను మేము తప్పు పట్టం. రేపు సాయంత్రం కార్యాలయానికి తీసుకురండి. తీసేటప్పుడు ముందు బ్యాటరీ దగ్గర తీగ విప్పాలి, ఆ తర్వాతే పైపులు. బీడీ వెలిగించుకొని దగ్గరికి రావద్దు. పెట్టెలోని కాస్టిక్‌ను నాలాలో పోయొద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించి పేరు రాసి తెండి. ఇంకో సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా బండిని ఇలా మార్చకూడదు. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఇదే చూపించి చేతులెత్తేయవచ్చు.

డబ్బు వెనక్కి రాబట్టడానికి అమ్మినవాడి రసీదు వెతికాం. రసీదు ఇవ్వలేదు, ఫోను పలకడం లేదు. మీలో ఎవరి దగ్గరైనా అతని కాగితం ముక్క ఏదైనా ఉంటే తెండి, పోలీసు ఫిర్యాదుకు జతచేస్తాం.

ఇక కష్టమైన మాట. ఆ క్లీనరు పిల్లవాడు పనిలో ఉండగా గాయపడ్డాడు. సేటు దగ్గర సాంచాలో ఒకరి వేలు పోతే మనం ఏం అడుగుతాం? వైద్యం ఖర్చు, పనిలేని రోజుల పగారు, నష్టపరిహారం అడుగుతాం. ఇక్కడ బండి యజమాని మనవాడు, మన పెద్దాయన కొడుకు, అప్పుల్లో ఉన్నవాడు. అయినంత మాత్రాన లెక్క మారదు. కమిటీలో దీని మీద రెండు రాత్రులు గట్టిగా వాదించుకున్నాం, ఒకరిద్దరు అలిగి లేచిపోయారు కూడా. చివరికి పెద్దాయనే తన నోటితో అన్నాడు: "మిల్లులో మా బాకీ ఇయ్యలేదని అన్నేండ్లు గేటు ముందట కూసున్న. ఇప్పుడు ఆ పోరని ముందల మొకం చాటేస్తనా?" కొడుకు నెలకు కొంత ఇవ్వడానికి ఒప్పుకొని రాసిచ్చాడు. ఈ నెల కంటి ఆపరేషనుకు కావలసిన మొత్తం మాత్రం అతని వల్ల కాదు. అందుకే తలుపు దగ్గర డబ్బా పెట్టాం. అందులో వేసే ప్రతి రూపాయీ ఆ అబ్బాయి కంటికే పోతుంది, లెక్క వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.

సభ అయ్యాక ఈ ముక్కలు దగ్గరికి వచ్చి చూడండి. పైపు వంపులో బిరడా పడిన చోట సున్నంతో గీత గీశాం. చేత్తో మాత్రం ముట్టుకోకండి, తెల్లగా కనబడుతున్నది మంచు కాదు, పొటాష్ ఇంకా అంటుకొని ఉంది. పిల్లలను ముందు వరసలోకి రానివ్వకండి.